బేచిరాగ్ ఊరి కోడలు

కృపాజ్యోతికి పెళ్ళయి పంతొమ్మిది రోజులయింది. క్రాంతికుమార్ స్కూటరు వెనక కూర్చుంటే అనకాపల్లి రోడ్ల మీద ప్రతి గొయ్యీ ఆమెకి పండగే. ఎగిరిపడినప్పుడల్లా ఆయన భుజం పట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రోజు మాత్రం ఒడిలో ప్లాస్టిక్ ఫైలు, చూపంతా చేతి గడియారం మీదే. అచ్యుతాపురం సెజ్‌లో కొత్తగా పెట్టిన మందుల కంపెనీ, భూములు పోయిన ఊళ్ళవాళ్ళకి ఇంటికొక ఉద్యోగం ఇస్తానంది. క్రాంతికి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే పని ఎలాగూ ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన కృపాజ్యోతికి ల్యాబ్ అంటే ప్రాణం. దరఖాస్తుకి ఆఖరి రోజు ఇదే, సాయంత్రం నాలుగు వరకే. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. అత్తవారిది తాళ్ళదిబ్బ అని వీఆర్వో ఇచ్చే ధ్రువపత్రం.

తాళ్ళదిబ్బని ఆమె చూడలేదు. ఆమె కోడలయ్యేనాటికే ఆ ఊరు సెజ్ గోడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఊరి వీఆర్వో త్రినాధరావు, ఊరు పోయాక అనకాపల్లి మండలాఫీసులో ఓ మూల బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. క్రాంతి చెప్పిందంతా విని కంప్యూటరు వైపు గడ్డం చూపించాడు.

"నివాస ధ్రువపత్రమా? ఏటి బాబూ, చదువుకున్నోడివి. తాళ్ళదిబ్బ బేచిరాగ్ అయిపోయింది కదా."

"బేచిరాగ్ అంటే ఏమిటండీ?" అంది కృపాజ్యోతి.

"దీపం పెట్టే దిక్కు లేని ఊరు. రికార్డులో పేరుంటాది, జనం ఉండరు. జనాభా దగ్గర సున్నా కొట్టేం. సున్నాలో మీరెలా నివాసం ఉంటారమ్మా?"

"ఉంటున్నామని రాయొద్దండీ. ఉండేవాళ్ళమని రాయండి."

"ఉండేవోళ్ళకి పత్రం ఇచ్చేది నేను కాదు. పై అంతస్తులో భూసేకరణ ఆఫీసు."

పైకెక్కారు. ఏసీ గది, గాజు తలుపు, గులాబీ రంగు కుర్చీలు. అంత చిరాకులోనూ ఆ చల్లగాలికి కృపాజ్యోతి ముచ్చటపడి, క్రాంతి వేలు రహస్యంగా నొక్కింది. బల్ల వెనక లావణ్య అని బ్యాడ్జీ పెట్టుకున్న అమ్మాయి ఫైలు తిరగేసి వెనక్కి ఇచ్చేసింది.

"మాది భూమి వరకే మేడమ్. మీ మామగారు ఎలియాజరు గారి ఎకరం పది సెంట్లు మా దగ్గరుంది. మనుషుల సంగతి రెవిన్యూవాళ్ళు చూస్తారు."

"వాళ్ళు మీరంటున్నారు, మీరు వాళ్ళంటున్నారు. ఇంతకీ గవర్నమెంటు ఎవరండీ?"

"నేనైతే కాదు మేడమ్, నేను ఔట్‌సోర్సింగ్," అంది లావణ్య, నిజంగానే నొచ్చుకుంటూ. "మా సారు కన్సల్టెంటు. ఆయన హైదరాబాదులో ఉంటారు."

కిందికి దిగేసరికి గడియారం రెండు దాటింది. త్రినాధరావు టిఫిన్ క్యారియరు విప్పాడు. ఆనపకాయ పులుసు వాసన గుమ్మం దాకా వచ్చింది. క్రాంతి గొంతు తగ్గించి, "పోనీలే కృపా, ఇంకో కంపెనీ వస్తుందిలే," అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయ్యాక భర్త మీద వచ్చిన మొదటి కోపం అదే. అది కూడా త్రినాధరావు మీదికే మళ్ళింది.

"సారూ, ఒక్క మాట. మీరు ఏ ఊరి వీఆర్వో?"

"తాళ్ళదిబ్బే."

"జీతం ఏ ఊరి పేరు మీద వస్తోంది?"

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"మీ జీతానికి ఊరుంది, నా కాగితానికి లేదా? మీరు రాయకపోతే మానెయ్యండి. ఊరు లేదు కాబట్టి వీఆర్వో కూడా లేడని నాకు రాసిచ్చెయ్యండి. అదే తీసుకెళ్ళి కంపెనీ కౌంటర్లో పెడతాను."

పక్క బల్ల గుమస్తా కిసుక్కున నవ్వాడు. త్రినాధరావు భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"కంప్యూటరు ఒప్పుకోదమ్మా. చేత్తో రాయాల. రేపు ఆడిట్లో నా పీక పట్టుకుంటారు. తలయారి వాంగ్మూలం ఇస్తే ధైర్యంగా రాస్తాను. ఊరు పోయింది గానీ తలయారి పోస్టు రద్దు చేస్తూ కాగితం ఇంకా రాలేదు."

"తలయారి ఎక్కడున్నాడు?"

"ఇంకెక్కడ? మీ కంపెనీ గేటు కాడే. సెక్యూరిటీ."

త్రినాధరావు స్కూటరెక్కి క్రాంతి వెనక కూర్చున్నాడు. తన చోటు పోయినందుకు కృపాజ్యోతి మూతి ముడుచుకుని షేర్ ఆటో ఎక్కింది. ఆటో చెరుకు తోటల పక్కన పోతుంటే ఆ మూతి దానంతటదే విచ్చుకుంది. గేటు దగ్గర దిగేసరికి మూడున్నర.

పరదేశి నీలం యూనిఫారంలో, టోపీతో, మెడలో విజిల్‌తో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు తాళ్ళదిబ్బలో దండోరా వేసి, పన్ను కట్టమని గడపగడపకీ తిరిగిన మనిషి. త్రినాధరావుని చూడగానే సెల్యూట్ కొట్టబోయి ఆగిపోయాడు.

"పరదేశి మావా, నేను ఎలియాజరు కొడుకునని సారుకి చెప్పు," అన్నాడు క్రాంతి.

"నీకు సాచ్చికం ఏటిరా? నువ్వు పుట్టిన రాత్రి మంత్రసానిని తెచ్చింది నేను కాదా!"

"అలాక్కాదు, వాంగ్మూలం ఇయ్యాల. తలయారి హోదాలో," అన్నాడు త్రినాధరావు.

పరదేశి క్షణం ఆలోచించాడు. అటూ ఇటూ చూసి టోపీ తీసి కుర్చీలో పెట్టాడు. విజిల్ జేబులో వేసుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడి, ఎలియాజరు ఇంటి హద్దులు నాలుగు దిక్కులా గడగడా చెప్పేశాడు. త్రినాధరావు సెక్యూరిటీ బల్ల మీదే కాగితం పరిచి రాశాడు. స్టాంపు సంచీలో ఉంది గానీ ఇంకు ప్యాడ్ లేదు. కంపెనీ ప్యాడ్ అరువు తీసుకుని ముద్ర కొట్టాడు. పరదేశి అదే ఇంకుతో వేలిముద్ర వేశాడు. మూడూ నలభై ఎనిమిది.

కృపాజ్యోతి కాగితం అందుకుని గేటు వైపు పరిగెత్తబోయింది. ఈలోగా పరదేశి టోపీ పెట్టేసుకున్నాడు.

"ఆగండి మేడం. సెల్‌ఫోన్ ఇక్కడ పెట్టాల. రిజిస్టర్లో రాయాల. ఎక్కడి నుంచి వత్తన్నారు?"

"ఇప్పుడే కదా బాబాయ్ హద్దులన్నీ చెప్పారు!"

"అది తలయారి సెప్పేడమ్మా. ఇప్పుడు సెక్యూరిటీ అడుగుతున్నాడు. ఇక్కడ కెమెరా ఉంది."

పళ్ళు నూరుకుంటూ పెన్ను తీసుకుంది. 'ఎక్కడి నుంచి' అన్న చోట తాళ్ళదిబ్బ అని రాసింది. 'ఎక్కడికి' అన్న చోట పెన్ను ఆగింది.

పరదేశి ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "కోడలమ్మా, కుడికాలు పెట్టి లోపలికెల్లు. ఆ సైకిల్ స్టాండు ఉంది సూడు, మీ అత్త స్వర్ణకుమారి పొయ్యి అక్కడే ఉండేది."

ఆమె కుడికాలే పెట్టింది. సైకిల్ స్టాండు దగ్గర అర క్షణం ఆగి, నవ్వొచ్చి, మళ్ళీ పరిగెత్తింది. కౌంటరు మూయడానికి నాలుగు నిమిషాలున్నాయి. లోపలి కుర్రాడు చేతిరాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర ఉందని తీసుకుని, రసీదు చించి ఇచ్చాడు.

"ఇంటర్వ్యూ ఎప్పుడండీ? మీరే పిలుస్తారా?" అంది రొప్పుతూ.

"మేం కాదు మేడమ్," అన్నాడు కుర్రాడు, అద్దం కిందికి దించుతూ. "మాది ఏజెన్సీ."