ఒంటి బోల్టు బోర్డు

ఓయ్ సైకిలు బాబూ! నిన్నే! బిగుతు లాగూ తొడుక్కుని, నెత్తిన పుచ్చకాయ డిప్ప బోర్లించినట్టు టోపీ పెట్టుకుని, హాండిలుకు ఏదో గుడ్డసంచీ తగిలించుకుని దిక్కులు చూస్తున్న బాబూ! అంత ఖరీదైన సైకిలెక్కావు, ఎటు పోవాలో తెలియదా? సర్లే, దిగు. నీళ్ళు తాగు. దారి నేను చెబుతాను. నన్ను నమ్మొచ్చా అని చూస్తున్నావా? నన్ను నమ్మి చెడినవాళ్ళెవరూ లేరు. అందరూ బజ్జీలు తినే వెళ్ళారు.

నేను ఒక దారి బోర్డుని. ఫ్రాన్సు దేశంలో, బర్గండీ పల్లెల్లో, షాంబ్లే అనే చిన్న ఊరికి ముందు రోడ్డు రెండుగా చీలే చోట నిలబడి ఉంటాను. తెల్ల రేకు, ఆకుపచ్చ అంచు, మధ్యలో సైకిలు బొమ్మ, ఒక కొసన బాణం ములికి. రెండు పక్కలా అదే బొమ్మ, అదే రాత. ఎటునుంచి చూసినా అందగాణ్ణే.

నాతోపాటు ఒకే రేకులోంచి కోసిన అన్నదమ్ములు పెద్ద రోడ్ల మీద ఉద్యోగాలకు వెళ్ళారు. నాకు సైకిళ్ళ దారి పడిందని తెలిసి వాళ్ళు ఒకటే నవ్వు. "ఆవులకు దారి చూపిస్తాడట" అని. నవ్వితే నవ్వారు గానీ, అది నిజమే. ఇక్కడ కార్ల కన్నా తెల్లావులే ఎక్కువ. రోజంతా గడ్డి నములుతూ నన్ను చూస్తాయి. అన్ని ఏళ్ళుగా చూస్తున్నా చదవడం మాత్రం ఒక్కదానికీ రాలేదు. నేను చదువుకున్నది కూడా నా మీద రాసినంతే కాబట్టి వాటిని ఏమీ అనను.

నా ఎడమ పక్క రోడ్డు కాలవగట్టు వెంట పోతుంది. చదునుగా, నున్నగా, రెండు వైపులా చెట్ల నీడ. పట్టుమని పది బండ్లు రావు. సైకిలు తొక్కుతూ నిద్రపోయినా ఫర్వాలేదన్నంత ప్రశాంతం. నేను చూపించాల్సింది దాన్నే. కుడి పక్కది సందులాంటి దారి, ద్రాక్షతోటల మధ్య నిటారుగా గుట్ట ఎక్కుతుంది. ఎక్కేవాడికి ఊపిరి నోట్లోంచి కాదు, చెవుల్లోంచి వస్తుంది.

నన్ను పాతింది పంచాయతీ పనివాడు రెనే. స్తంభానికి కట్టి మొదటి బోల్టు బిగించాడు. రెండోది చేతిలోకి తీసుకున్నాడో లేదో చర్చి గంట పన్నెండు కొట్టింది. ఈ దేశంలో పన్నెండు కొట్టిందంటే గోడ కట్టేవాడు ఇటుకను గాల్లోనే వదిలి భోజనానికి పోతాడు. రెనే కూడా "తిని వచ్చి బిగిస్తా" అని వెళ్ళాడు. ఏం తిన్నాడో ఏమో, ఏడేళ్ళు రాలేదు. అలా నేను ఒంటి బోల్టు మీద బతికాను. గట్టిగా తోస్తే స్తంభం చుట్టూ గిర్రున తిరిగేవాణ్ణి. ఈదురు గాలి వీస్తే మళ్ళీ ఎడమకే వచ్చి ఆగేవాణ్ణి.

నేను పాతుకున్న కొన్నాళ్ళకు ఆ గుట్ట మీది ఇంట్లోకి మొగుడూ పెళ్ళాం దిగారు. అబ్బులు, లోవతల్లి. ఊరు యానాం. గోదావరి ఒడ్డునే ఉన్నా యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది కదా, ఆ దారిన అబ్బులు ఫ్రెంచి పటాలంలో చేరి జీవితమంతా సిపాయిలకు వంట చేశాడు. పెద్ద డేగిసాలు దించి దించి భుజాలు ద్వారబంధాలంత అయ్యాయి. పటాలంలో చుట్టూ పుదుచ్చేరి వాళ్ళుండేవారు, లోవతల్లికి మాటలకు లోటు లేదు. పింఛను వచ్చాక అబ్బులు గుట్ట మీద ఇల్లు కొన్నాడు. గాలి బాగుంది, నీళ్ళు బాగున్నాయి. మనుషులే లేరు.

లోవతల్లి రేవులో పుట్టిన మనిషి. ఏరు దాటించే పంటు ఎక్కేవాళ్ళతో, దిగేవాళ్ళతో మాట్లాడుతూ పెరిగింది. ఇక్కడ రొట్టె కొనడానికి మొగుడితో నడిచొస్తూ నా దగ్గర ఆగి అనేది:

"ఏటండీ ఈ ఊరు? రోడ్డేసేత్తే సరిపోయిందేటి, నడవడానికి మడుసులుండొద్దా?"

"ఉన్నారు కదే, ఆవులు."

"ఆట్ని పలకరిత్తే తోకూపుతున్నాయి. మీరు అది కూడా ఊపరు."

నాలుగు నెలలకు ఆ మాటలు కూడా మానేసింది. వచ్చేది, వెళ్ళేది, పెదవి విప్పేది కాదు. ఒకరోజు అబ్బులు ఒక్కడే వచ్చి నన్ను ఆనుకుని నిలబడ్డాడు. "దాని నోరు మూతబడిపోతే నా ఇల్లే మూతబడిపోద్దిరా నాయనా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. వినడానికి నేనూ ఆవులూ మాత్రమే ఉన్నాం. ఆ భుజాల బరువుకు నేను తట్టుకోలేక గిర్రున తిరిగాను. బాణం గుట్ట దారి వైపు ఆగింది. అబ్బులు నన్ను చూశాడు. గుట్ట మీది తన ఇంటిని చూశాడు. మీసాల కింద ఏదో కదిలింది.

"ఆయ్! నువ్వు తిరుగుతావేటి?"

మర్నాటి నుంచి పొద్దున్నే స్పానరుతో హాజరు. అటూ ఇటూ చూసి, నన్ను గుట్ట వైపు తిప్పి, ఏమీ ఎరగనట్టు రొట్టెకు పోయేవాడు. ప్రభుత్వ రేకును కదా, నాకు సిగ్గేసిందేమో అనుకునేవు. లేదు బాబూ. ఎంత సరదాగా ఉందో ఏం చెప్పను! నిజం చెబుతూ నిలబడితే ఎవడూ నా మొహం చూడలేదు. అబద్ధం మొదలెట్టాక అందరూ దిగి, కళ్ళజోడు సవరించుకుని మరీ చదివారు.

మొదట పడిన చేప ఒదెత్. పక్క పట్నంలో బడి పంతులమ్మగా చేసి మానేసిన ముసలావిడ. కొత్తగా సైకిలు కొనుక్కుని నీడదారిన హాయిగా పోదామని బయల్దేరింది. నన్ను నమ్మి గుట్ట ఎక్కి, అబ్బులు ఇంటి ముందు నాలుక వేలాడేసింది. లోవతల్లి బయటికొచ్చింది. ఆ గొంతు నెలల తర్వాత మళ్ళీ విన్నాను. గుట్ట కిందిదాకా వినబడింది.

"అయ్యో, దారి తప్పేరా అమ్మా! ఆ బోర్డెప్పుడూ అంతే. రండి, కూకోండి. ఏవండోయ్, నూనె పెట్టండి!"

అబ్బులు మూకుడు ఎక్కించాడు. ఇక్కడి పొడుగు మిరపకాయలతో బజ్జీలు, అల్లం టీ. ఒదెత్‌కు కారం తగిలి కళ్ళ నీళ్ళు కారుతుంటే, "ఏడవకండమ్మా, కాలవగట్టు ఎక్కడికీ పోదు" అని లోవతల్లి వెన్ను నిమిరింది. లోవతల్లి తెలుగు ఆవిడకు రాదు, ఆవిడ ఫ్రెంచి లోవతల్లికి సగమే వచ్చు. అయినా పొద్దువాలేదాకా మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు. చీమల బారులా సైకిళ్ళు గుట్టెక్కేవి. దారి తప్పి వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవడం లోవతల్లి ఇంటావంటా లేదు. అందుకని అక్రోటు కాయలు, చెర్రీలు తెచ్చి పెట్టేవారు. ఒకాయన వాసనొచ్చే చీజు ముద్ద తెస్తే, "సెడిపోయిందేమో పాపం, సెప్తే బాధపడతాడు" అని దాచి కోళ్ళకు వేసింది. దారి తప్పేవాళ్ళు చేతిలో కానుకతో ఎందుకు తప్పుతారన్న అనుమానం నాకు రావాల్సింది. రాలేదు. ఎందుకొస్తుంది? నా తెలివికి నేనే మురిసిపోతున్నాను. ఇంత పెద్ద చదువుకున్న దేశాన్ని ఒక రేకుముక్క వేలెట్టి తిప్పుతోందని ఆవులతో గొప్పలు పోయాను.

ఇలా ఉండగా షాంబ్లేకు కొత్త మేయరమ్మ వచ్చింది. ఈ చుట్టుపట్ల ప్రశాంతమైన సైకిలు దారులన్నీ దేశానికి చూపించాలని, ముందు బోర్డులు సరిచేయించాలని పట్టుపట్టింది. ఏడేళ్ళనాడు భోజనానికి వెళ్ళిన రెనే ఆ రెండో బోల్టుతో తిరిగొచ్చాడు. అతనూ గుట్ట మీద బజ్జీలు తిన్నవాడే. పన్నెండు కొట్టేదాకా సాగదీద్దామని స్పానరు వెతికాడు, ముక్కు తుడుచుకున్నాడు, ఆవును పలకరించాడు. పన్నెండు కొట్టింది. మేయరమ్మ కదల్లేదు. "బిగించాకే భోజనం" అంది. ఫ్రాన్సు చరిత్రలో ఇంతటి ఘోరం నేను వినలేదు. బోల్టు బిగిసింది. మామూలు స్పానరుకు లొంగని రకం. బాణం ఎడమకు, కాలవగట్టుకు. నా ఒళ్ళంతా నిజమైపోయింది.

మర్నాడు పొద్దున్నే అబ్బులు వచ్చాడు. తోశాడు, లాగాడు, స్పానరు వేశాడు. ద్వారబంధాల భుజాలు ఓడిపోయాయి.

"కదల్దండి. నిన్న మద్దేనం బిగించేసేరు."

వెనక లోవతల్లి, చేతిలో పాలగిన్నె. అబ్బులు స్పానరు వీపు వెనక దాచాడు.

"ఏటి కదల్దు? నేను రొట్టెకెల్తన్నాను."

"స్పానరుతో కోసిత్తారేటి రొట్టె?"

అబ్బులు నేల చూశాడు. ముసలి మొహం ఒక్కసారిగా చిన్నపిల్లాడిదైంది. "ఇంకెవరూ రారే లోవా. ఈడు నిజం సెప్తే మనింటికెవరొత్తారు? నువ్వు మళ్ళీ..."

అంతలో మలుపు కింద సైకిలు గంట మోగింది. ఒదెత్. వెనకాల ఆరేడుగురు. ఒదెత్ నా ముందు దిగి, కళ్ళజోడు పెట్టుకుని నన్ను చదివింది. బాణం చూపించే ఎడమ వైపు తేరిపార చూసింది. మళ్ళీ చదివింది. కళ్ళజోడు జేబులో పెట్టి, సైకిలును శుభ్రంగా కుడి వైపు తిప్పి, అచ్చం యానాం యాసలో రాగం తీసింది:

"అయ్యో లోవమ్మా, దారి తప్పేనండీ!"

వెనకవాళ్ళందరూ, "మేమూనండీ!"

"ఆ బోర్డెప్పుడూ అంతే, అబద్ధాలకోరు సచ్చినోడు!" అంది లోవతల్లి. "పదండి, పదండి!"

పుట్టాక గట్టిగా నిజం చెప్పిన రోజది. ఆ రోజే ఆ మాట పడ్డాను.

అబ్బులు నోరు తెరిచాడు. "నీకు తెల్సా?"

"మొదటి వారమే తెల్సు. పాలకెల్లొత్తా కంచె ఎనకనుంచి సూసేను. సలికి ముక్కు ఎర్రగా సేసుకుని, దొంగలాగ నాలుగేపులా సూసి, దీన్ని తిప్పి, మీసం దువ్వుకున్నారు. నవ్వాపుకోలేక పైట నోట్లో కుక్కుకున్నాను. ఈ కొండెక్కేక నేను నవ్వడం అదే మొదలు. అప్పుడే ఒదెత్తమ్మకి సెప్పేను, ఎవరొచ్చినా దారి తప్పేమనే రమ్మని. మా ముసలాయన కష్టం వుత్తినే పోకూడదు కదండీ?"

అబ్బులు మీసం తడుముకున్నాడు. ఈసారి దువ్వలేదు, దాని వెనక దాక్కున్నాడు. లోవతల్లి స్పానరు లాక్కుని పాలగిన్నె చేతిలో పెట్టింది. ఇద్దరూ గుట్ట ఎక్కుతుంటే ఆవిడ మాట ఆగలేదు, ఆయన తల ఊపడం ఆగలేదు.

చూశావా బాబూ, అదీ సంగతి. ఊరిని మోసం చేశాననుకున్నాను. చదవడం రాని ఆవులు తప్ప తక్కిన అందరికీ తెలుసట. అందుకే ఇప్పుడు బుద్ధిగా ఉన్నాను. నా మాట విను. ఎడమకు పో. చల్లటి నీడ, చదును నేల...

ఓయ్! హాండిలు కుడికి తిప్పుతావేం? ఎడమకయ్యా! ఎడమకని ఇంతసేపు... ఆగాగు, ఆ గుడ్డసంచీలోంచి తొంగి చూస్తున్నవేమిటి? పొడుగు మిరపకాయలు కదూ!