మొక్కు బెల్లం

బండి కట్టకముందు చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. ఇరుసుకు కందెన పెట్టాలి. ఎద్దులకు కుడితి తాగించాలి. గొంగళ్లు రెండూ ఎండలో వేసి దులపాలి. కందిలి గాజు బూడిదతో తుడవాలి. జొన్నరొట్టెలు కాల్చి బట్టలో చుట్టాలి, ఉల్లిగడ్డ, కారం మరిచిపోవద్దు. పిల్లను తరాజులో ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో ఈ యేటి మొదటి వంట బెల్లం వేసి తూచాలి. ఆ బెల్లాన్ని పసుపు గుడ్డలో మూట కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, లింబాద్రి గుట్ట మీద దేవుని ముందర దించేదాకా ఆ మూట నేలకు ఆనకూడదు.

"ఆనిందో," అన్నది అత్త రాములవ్వ, కోడలు గోదావరికి వేలు చూపిస్తూ, "ఇచ్చినాయనే తీస్కపోతడు. మల్ల నా ముంగట ఏడ్వద్దు."

గోదావరికి ఏడవడం కొత్త కాదు. మొదటి ఇద్దరు పిల్లలు పురుడు వెళ్లకముందే పోయారు. మూడోది బతికితే ఎత్తు బెల్లం ఇస్తామని లింబాద్రి దేవునికి మొక్కుకున్నారు. బతికింది. పుట్టగానే చేటలో వేసి, పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తెచ్చుకున్నారు, ఎవరికీ అక్కరలేని పిల్లే అని చావు కూడా పక్కకు తప్పుకునేటట్టు. పెంటవ్వ అని పిలిచారు. మొక్కు చెల్లిన రోజు లింబవ్వ అని అసలు పేరు పెట్టుకోవాలి. ఆ పేరును గోదావరి ఇంకా ఒక్కసారి కూడా పైకి అనలేదు.

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చినాక ఎడపల్లిలో చెరుకు పెరిగింది, దాంతో పాటు బెల్లం పొయ్యిలూ పెరిగాయి. గోదావరి పెనిమిటి రాజారాం బెల్లం వండడంలో చెయ్యి తిరిగినవాడు. పుష్యమాసంలో గానుగ మొదలైందంటే అతని తలగుడ్డ, గొంగడి, బండిలో గడ్డి, చివరికి ఎద్దుల మూపురాలు కూడా బెల్లం వాసనే. ఆ ఇంటివాళ్లకు మాత్రం తెలియదు. పొద్దూ మాపూ అందులోనే ఉండేవాళ్లకు అది వాసన కాదు, వట్టి గాలి.

కార్తీకంలో జాతర రోజుల్లో అయితే గుట్టకు బండ్ల వెనక బండ్లు పోతాయి, డప్పులు, పాటలు. కొత్త బెల్లం రావాలంటే పుష్యం దాకా ఆగాల్సిందే. పుష్యంలో ఆ తొవ్వలో మనిషి కనపడడు. ఇందూరు దాటి, రెండో రోజు పొద్దుగూకేసరికి గోదావరి, రాజారాం పిల్లతో సిరికొండ చేరారు. ఎరుకైన లక్ష్మీరాజం ఇంట్లో పడుకున్నారు. తెల్లవారకముందే రాజారాం ఎద్దులను కట్టబోతే లక్ష్మీరాజం బయటికి వచ్చాడు.

"మంచు ఇడిసినంక పోరాదు తమ్మీ? ముంగట అంత అడివే."

"పొయ్యి కాడ మా వంతు దగ్గరికొచ్చింది అన్నా. వంతు తప్పితే చెరుకంత ఎండిపోతది."

గోదావరి మూటను ఒళ్లో పెట్టుకుని, దాని మీద పిల్లను పడుకోబెట్టుకుని, పైనుంచి గొంగడి కప్పుకున్నది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"గట్ల వణుకుతవేందే? దేవుని కాడికి పోతున్నవా, పోలీసుల కాడికా?"

"సలి పెడ్తుంది."

"సలా, బుగులా?"

"రెండు. నువ్వు మాట్లాడకుంట బండి తోలు."

రాజారాం నవ్వి ఎద్దులను అదిలించాడు. ఊరు దాటినాక గుట్టల మధ్య మంచు పాలు పోసినట్టు నిలిచిపోయింది. ఎద్దుల కొమ్ముల దాకానే లోకం, ఆ తరువాత ఏమీ లేదు. ఒకచోట చెట్ల మీద కొండముచ్చులు ఒక్కసారిగా అరిచి ఊరుకున్నాయి. ఒకచోట కణుజు దుప్పి ఒకటి తొవ్వకు అడ్డంగా నిలబడి, బండిని చూసి, మంచులోకి పోయింది. అది దేన్ని చూసి పరుగెత్తి వచ్చిందో గోదావరి అడగబోయి ఆపుకున్నది. అడవిలో పెద్దదాని పేరు ఎత్తకూడదని అత్త చెప్పింది.

ఎత్తు ఎక్కేకాడ ఎద్దులు ఆగిపోయాయి. రాజారాం తోకలు మెలిపెట్టాడు. కదలలేదు. చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి.

అప్పుడు వినిపించింది. పక్కన చెదల పుట్ట ఉన్నవైపు నుంచి, ఎవరో ఆకలి మీద జొన్న గటక జుర్రుకుంటున్నట్టు చప్పుడు.

"ఏమయ్య," అన్నది గోదావరి మెల్లగా, "ఈ అడివిల ఎవరు గటక తాగుతున్నరు?"

 రాజారాం మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడడం ఆమెకు కనిపించింది.

జుర్రుడు ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మంచులోంచి నల్లగా ఎలుగుబంటి వచ్చింది, వీపు మీద పిల్లను ఎక్కించుకుని. ముట్టె పైకెత్తి గాలి పీల్చుకుంటూ నేరుగా బండి వైపే నడిచింది.

ఎద్దులు బెదిరి పక్కకు గుంజాయి. చక్రం రాయికి పట్టుకుని బండి ఒరిగింది. ఒళ్లో పిల్ల లేచి కేర్‌మన్నది.

"బెల్లం కొరకు వస్తుందే," అన్నాడు రాజారాం. అప్పటికి తెలిసింది అతనికి. "మూట నాకియ్యి. నేనటు పోత, అది నా ఎంబడి వస్తది. నువ్వు ఎద్దుల్ని కొట్టు."

ఆమె చేతుల్లోంచి మూట లాక్కుని దూకాడు. పొదల వైపు నాలుగడుగులు వేశాడు. ఎలుగు తిరిగింది. పిల్లను వీపు మీదినుంచి దించి, రెండు కాళ్ల మీద లేచి నిలబడింది.

"పారెయ్! దాని ముంగట పారెయ్!" అని అరిచింది గోదావరి.

"నేలకు ఆనుతదే!"

"ఆననియ్యి!"

"పెంటవ్వ..." అన్నాడు రాజారాం. అంతకన్నా మాట రాలేదు.

ఏ మనిషైనా అలాంటప్పుడు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకుంటాడు. రాజారాం చేతులు రెండూ మూట చుట్టూ ఉన్నాయి. పంజా మొఖం మీద పడింది. పడిపోతూ కూడా మూట కింద పడకుండా రొమ్ము మీద పెట్టుకుని వెల్లకిలా పడ్డాడు.

గోదావరి పిల్లను బండిలోనే గడ్డి మీద పెట్టింది. దిగింది.  ఒకవైపు పెనిమిటి నెత్తురు, వెనక పిల్ల ఏడుపు, చెవుల్లో అత్త మాట. ఇచ్చినాయనే తీస్కపోతడు. మూట ముడి పట్టుకుని గుంజింది. రాజారాం విడవలేదు. "వద్దే" అన్నాడు నెత్తురు నోటితో. ఆమె అతని వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. కొత్త బెల్లం, తన బిడ్డ ఎత్తు బెల్లం, రెండు చేతులా ఎత్తి రాయి మీద వేసి కొట్టింది.

మూట పిగిలింది. ఎలుగు దాని మీద వాలింది. దాని పిల్ల కూడా వచ్చి నాకడం మొదలుపెట్టింది. గోదావరి రాజారాంను చంకల కింద పట్టి ఈడ్చి బండిలో వేసుకున్నది. చక్రాన్ని భుజంతో తోసింది. ఎద్దులను కొట్టాల్సిన పని లేకపోయింది.

భీమ్‌గల్‌లో వైద్యుడు చెంప కుట్టాడు. ఎడమ కన్ను దక్కలేదు. గోదావరి ఒక్కతే పిల్లను ఎత్తుకుని గుట్ట ఎక్కింది, ఉత్త చేతులతో. దేవుని మొఖం చూడడానికి ధైర్యం చాలలేదు. గడపకే చెప్పుకున్నది.

"మూట పడేసింది నేను. పిల్లకు తెల్వదు. ఆయన వద్దన్నడు. పట్టుకునేటట్టుంటే నన్ను పట్టుకో."

ఎడపల్లిలో రాములవ్వ కొడుకు మొఖం చూసి గుండెలు బాదుకున్నది. తరువాత అడిగింది, "మూట ఏది?"

గోదావరి నోరు తెరిచింది. రాజారాం ముందే అన్నాడు. "నా చెయ్యి జారిందవ్వా."

రాములవ్వ కొడుకునే తిట్టింది, మూడు రోజులు. కోడలిని ఒక్క మాట అనలేదు. ఎందుకలా చెప్పావని చీకట్లో గోదావరి అడిగితే రాజారాం, "నాకెట్లైన ఒక కన్ను పోయింది, తిట్లు గూడ నేనే పడ్త తీ" అన్నాడు.

మరుసటి యేడు జాతర బండ్లతో కలిసి పోయి నిలవ బెల్లమే మళ్లీ తూచి ఇచ్చి వచ్చారు. ఇక పేరు పెట్టుకుందామన్నారు అందరూ. గోదావరి ఒప్పుకోలేదు. పిల్లకు ఒళ్లు వెచ్చబడిన ప్రతిసారీ ఆమెకు రాయి మీద పిగిలిన మూటే కనిపించేది. చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, పిల్ల పక్కన కూర్చునేది. పెంటవ్వ పెంటవ్వగానే పెరిగింది, పెళ్లయింది, పిల్లల తల్లి అయింది. దేవుడు వెతికితే దొరకకూడదనే ఆ పేరు ఉంచిందని తల్లి ఆమెకు చివరి దినాల్లో గానీ చెప్పలేదు.

ఎలుగుతో కొట్లాడిన రాజారాం అని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదావరి సంగతి ఆ ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అడుగుతున్నాను. కొత్త బెల్లం ముక్క నోట్లో వేసుకునేటప్పుడు, పిల్ల బతుకు పోతుందని నమ్మి కూడా పెనిమిటి వేళ్లు విప్పిన ఆ గోదావరిని ఒక్కసారి తలుచుకోండి.