చెంబు చుట్టూ పువ్వు

ఎండాకాలం సెలవుల్లో ఆఖరి ఆదివారం వచ్చిందంటే రామలక్ష్మమ్మ కోడి కూసే పొద్దుకే లేచి, వాకిలి ఊడ్చి, వంటింట్లో ఈతచాప పరుచుకుని కత్తిపీట ముందర కూర్చునేది. ఏటా అంతే. అప్పటికే ఆడబిడ్డలు పిల్లల్ని తోలుకుని పుట్టింటికి వచ్చి పదిరోజులై ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం అందరూ చీనీతోటలో, బత్తాయి చెట్ల నీడన, భోంచేయాల. దానికి ముందు పండ్ల తట్ట తయారు కావాల. తట్టను తీసుకుపోయి, అందులో బయటి నుంచి వచ్చిన పండ్లను తోటలో మొదటి చెట్టుకు చూపించి, "ఇదో తల్లీ, నీ తోడికోడళ్లు వచ్చినారు చూడు" అని చెప్పాల. అది వాళ్ల అత్త పెట్టిన ఆచారం. చెట్టు చూసినాకనే మనుషులు తినేది.

ఆ ఇంట్లో కోసిన పండు నీళ్ల దిక్కుకు తిరుగుతుంది. రామలక్ష్మమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి అంతే. అత్త కాలంలోనూ అంతేనంట. కళింగర పుచ్చకాయ ముక్కలు, కర్బూజ ముక్కలు, మామిడి బద్దలు, చీనీ తొనలు, దేన్ని ఎట్ల పేర్చినా కాసేపటికి వాటి కొసలు కడవ ఉండే మూలకు మెల్లగా జరుగుతాయి. అరటి చక్రాలకు కొస లేదు కాబట్టి అవి ఎటు పోవాల్నో తెలియక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కొత్త కోడలు రాగానే అత్త రెండే మాటలు చెప్పింది. పాలు పొంగకుండా చూసుకో, పండు తిరక్కుండా చూసుకో అని.

పాలు చూసుకోవడం వచ్చింది గానీ పండును ఆపడం రామలక్ష్మమ్మకు చేతకాలేదు. చుట్టాల ముందర తట్ట పెట్టేసరికి అంతా ఒక పక్కకు ఒరిగి, గాలికి పడిపోయిన జొన్నచేను మాదిరి ఉండేది. నాలుగైదేళ్లు సిగ్గుపడి చచ్చి, ఒక ఏడు ఆమెకే తోచింది. తట్ట నడుమ నీళ్ల చెంబు పెట్టింది. అంతే, కొసలన్నీ చెంబు వైపుకు తిరిగి చుట్టూ పువ్వు మాదిరి నిలబడినాయి. బయట ఎర్రగా కళింగర, లోపల పచ్చగా మామిడి, ఆ లోపల చీనీ. అప్పటి నుంచి ఆ తట్టకు పేరు వచ్చింది.

పేరు వచ్చినా ఆడబిడ్డ వనజాక్షి నోరు ఊరుకోదు. ఆమెను మడకశిరకు ఇచ్చినారు. ఏటా సరిగ్గా తినబోయే ముందు చెంబు ఎత్తుకుని గటగటా తాగేది. పువ్వు చెదిరిపోయేది. "మా వదిన పువ్వు చెంబు ఉన్నంతసేపే" అని నవ్వేది. అందరూ నవ్వేవాళ్లు. రామలక్ష్మమ్మ కూడా తలకాయ వంచుకుని నవ్వేది. మగవాళ్లు ఉన్న చోట ఆమె నోరు తెరిచేది కాదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే తలుపు చాటు నుంచి వనజాక్షితోనే చెప్పించేది.

ఆ ఏడు, రెండువేల మూడులో, తట్టలోకి చీనీకాయలు అనంతపురంలో కొనాల్సి వచ్చింది. సొంత తోటలో ఒక్క కాయ లేదు. టవర్ క్లాక్ కాడ బండి మీద అరడజను కొనుక్కుని, ఎవరన్నా చూస్తారేమోనని సంచిలో కాయల మీద కొత్తిమీర కప్పుకుని బుక్కరాయసముద్రం బస్సెక్కింది. చీనీతోట ఉన్న ఇల్లాలు చీనీకాయ కొనడం, కోళ్లు పెంచేవాళ్లు గుడ్డు అప్పడిగినట్ల ఉంటుంది కదా.

మూడేళ్లు వాన లేదు. ఉన్న బోరు పోయిన ఏడే ఎండిపోయింది. ఆమె పెనిమిటి హనుమంతప్ప నీళ్ల పాయింట్ చూసే కుళ్ళాయప్పను పిలిపించినాడు. కుళ్ళాయప్ప అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా నడిచినాడు. కాయ లేచి నిలబడిన చోటల్లా బోరు వేసినారు. మూడు వేసినారు. మూడింట్లోనూ దుమ్మే వచ్చింది. ట్యాంకరుతో కొన్నాళ్లు తడిపినారు. ఇంక చేతకాలేదు. ఇరవై ఏళ్ల చెట్లు ఆకు ముడుచుకుని, కొమ్మలు ఎండి, తోట మొత్తం బూడిద రంగుకు తిరిగింది. సోమవారం పొద్దున కట్టెలు కొట్టే సుంకప్ప గొడ్డలి తీసుకుని వస్తానన్నాడు. చెట్లు పోయినాక బెంగుళూరులో కాపలా పనికి పోతానని హనుమంతప్ప చెప్పినాడు. ఆ మొక్కలు నాటినప్పుడు ఒక్కొక్క దానికి కడవతో నీళ్లు పోసింది రామలక్ష్మమ్మే.

ఆదివారం అందరూ తోటకు పోయినారు. చిత్రాన్నం, పెరుగన్నం, వడలు, పండ్ల తట్ట, అన్నీ ఎద్దులబండిలో పెట్టినారు. తోటకు చేరి చాపలు పరిచినాక పిల్లోళ్లు నీళ్లు అడిగినారు. అప్పుడు తెలిసింది, నీళ్లు ఎవరూ తేలేదు.

ఆ ఇంట్లో తోటకు నీళ్లు మోసుకుపోవడం ఎవరికీ అలవాటు లేదు. తోటలో తొట్టి ఉంటుంది, తొట్టిలో నీళ్లు ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఖాళీ చేతులతో వచ్చి కడుపునిండా తాగిపోయినవాళ్లు. బోరు ఎండిందని అందరికీ తెలుసు, ఏడ్చినారు కూడా, అయినా కడవ ఎత్తుకోవాలని ఒక్కరికీ తోచలేదు. రామలక్ష్మమ్మ సైతం చెంబును ఖాళీదే తెచ్చింది, తొట్టి కాడ ముంచుకుందామని.

హనుమంతప్ప ఖాళీ తొట్టి వైపు చూసి తల తిప్పుకున్నాడు. వనజాక్షి పెనిమిటి గంగాధరప్ప నీళ్లు తెస్తానని బండి తోలుకుని ఊళ్లోకి పోయినాడు. ఎవరు తేవాల్సింది, ఎవరు మరిచినారు అని చాపల మీద వాదన మొదలైంది.

రామలక్ష్మమ్మ తట్ట తీసుకుని మొదటి చెట్టు కాడికి పోయింది. పసుపు కుంకుమ పెట్టింది. "ఇదో తల్లీ, నీ తోడికోడళ్లు" అని అనబోయి తట్టలోకి చూసింది. అందులో చీనీ కూడా బయటి నుంచి వచ్చిందే. మాట పూర్తి చేయకుండా తట్ట కింద పెట్టి, మూలిగి, పువ్వు సర్దడానికి కూర్చుంది.

సర్దింది. చెదిరింది. మళ్లీ సర్దింది. ముక్కలన్నీ ఉత్తరానికి తిరిగినాయి.

ఊరు దక్షిణాన ఉంది. తొట్టి పడమర ఉంది, అది ఎట్లాగూ ఖాళీ. ఉత్తరాన ఏముందని ఆమె తలెత్తి చూసింది. రాళ్ల కుప్ప ఉంది. మూడు తరాలుగా ఆ ఇంటివాళ్లు చేన్లో ఏరిన రాళ్లన్నీ తెచ్చి పడేసిన కుప్ప. మనిషి ఎత్తుకు రెండింతలు.

తట్టను గిర్రున తిప్పి పెట్టింది. ముక్కలు మెల్లగా కుప్ప వైపుకే వచ్చినాయి. తట్ట ఎత్తుకుని తూర్పు గట్టుకు పోయింది. కొసలు పడమరకు తిరిగినాయి, కుప్ప వైపు. కుప్ప దాటి అవతలికి పోయి నిలబడింది. కొసలు ఆమె పొట్ట వైపుకు వెనక్కి తిరిగినాయి. అంత తొందరగా ఎప్పుడూ తిరగలేదు. అరటి చక్రాలు కూడా తట్ట అంచుకు వచ్చి ఆనుకున్నాయి, ఒక చక్రం కింద పడింది.

ఇన్నేళ్లూ తట్ట నడుమ నిండు చెంబే ఉండేది. పక్కన నీళ్లు పెట్టుకుని పండు ఇంకో నీళ్లను ఎందుకు చూస్తుంది? పైగా అది వంటింటి సంగతి. బోరు మగవాళ్ల సంగతి. రెండిటినీ ఒక చోట పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి చాపల మీద అందరూ ఉన్నారు. వనజాక్షి తట్టను చూసి, "చెంబు లేదు, పువ్వూ లేదు. ఏం వదినా, పండ్లకు ఊరంతా చూపించుకోని వస్తాండావా?" అంది.

రామలక్ష్మమ్మ ఆమె చెవిలో చెప్పబోయింది. వంగింది కూడా. కానీ మళ్లీ లేచి నిలబడి, నేరుగా పెనిమిటిని చూసింది.

"రాళ్ల కుప్ప కింద నీళ్లుండాయి" అంది.

వాదన ఆగిపోయింది. ఆమె గొంతు విని చాలామంది పిల్లోళ్లు, ఇదెవరి గొంతని చూసినారు.

హనుమంతప్ప అలసిపోయిన మనిషి. "కుళ్ళాయప్ప కొబ్బరికాయ పట్టుకోని తోటంతా తిరిగినాడు గదా" అన్నాడు.

"కుప్ప మింద తిరగలేదు గదా."

ఆయన తట్ట వైపు చూసినాడు. లేచి వచ్చి, తట్టను తన చేతుల్లోకి తీసుకుని రెండు చుట్లు తిరిగినాడు. కొసలు కుప్పను వదల్లేదు. ఆయన తట్టను జాగ్రత్తగా చాప మీద పెట్టి, చొక్కా విప్పి కుప్ప కాడికి పోయి ఒక రాయి ఎత్తినాడు. రెండో రాయి ఎత్తింది వనజాక్షి. పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుంటా, "మా తాత వేసిన రాళ్లు, మేం గాక ఎవరు ఎత్తుతారు" అంది. గంగాధరప్ప నీళ్ల కడవలతో వచ్చేసరికి చాపల మీద ఒక్కరూ లేరు. సెలవులకు వచ్చిన చుట్టాలంతా వరసగా నిలబడి చేతికి చేయి రాళ్లు అందించుకుంటాండారు.

"ఏమప్పా, అన్నం తినడానికి పిలిచి రాళ్లు మోయిస్తాండారే" అని ఆయన కడవ దించి, వరసలో నిలబడినాడు.

సోమవారం సుంకప్ప గొడ్డలితో వచ్చినాడు. హనుమంతప్ప ఆయన చేతిలో గొడ్డలి తీసుకుని చెట్టుకు ఆనించి గడ్డపార ఇచ్చినాడు. సుంకప్ప కాసేపు గొణిగి, అడుగున పాతుకుపోయిన పెద్ద రాళ్లు పెకలించినాడు. మంగళవారానికి నేల తేలింది. గంగాధరప్ప తనకు తెలిసిన బోరు బండిని మడకశిర నుంచి తెప్పించినాడు. సెలవులు అయిపోయినా ఎవరూ ఊర్లకు పోలేదు.

బుధవారం పొద్దున దించడం మొదలుపెట్టినారు. నూరు అడుగులు దుమ్ము. నూటయాభై, దుమ్ము. ఇంతకుముందు మూడుసార్లు చూసిన దుమ్మే. రెండువందలప్పుడు హనుమంతప్ప చూడలేక పోయి మొదటి చెట్టు కింద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ మటుకు అక్కడే, నాలుగు మామిడి బద్దలు పెట్టుకున్న చిన్న గిన్నె పట్టుకుని నిలబడింది. గిన్నెలోకే చూస్తాండాది, బోరు వైపు చూడలేదు. రెండువందల ముప్పైలో దుమ్ము బురదయింది. ఇంకో పది అడుగులకు నీళ్లు చెట్లకంటే ఎత్తు లేచి, అందరి మీదా బురద బురదగా పడినాయి.

పిల్లోళ్లు అరుచుకుంటా తడుస్తాండారు. హనుమంతప్ప లేవలేదు. కూర్చున్న చోటే వీపు మీద చినుకులు పడతాంటే ఊరికే కూర్చున్నాడు. రామలక్ష్మమ్మ పోయి పక్కన కూర్చుంది. ఆయన, "సుంకప్ప గొడ్డలి ఈడే ఉండాది, తీసుకుపొమ్మని చెప్పు" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా, ఆమె తోట అవతలికి వినబడేటట్ల సుంకప్పను కేకేసింది.

మరుసటి ఎండాకాలం తట్టలోకి చీనీ తోటలోదే. పెద్ద కాపు కాదు, ఏ చెట్టుకు ఆ చెట్టు నాలుగు కాయలు. అయినా సొంతవి. ఆ ఆదివారం పొద్దున్నే నీళ్లు వదిలినారు. అన్ని పాదుల్లోనూ నీళ్లు నిలబడి మెరుస్తాండాయి. రామలక్ష్మమ్మ తట్టను నడుమ చెట్టు కింద పెట్టి, చెంబు చుట్టూ పువ్వు పేర్చింది. కొసలన్నీ చెంబును చూస్తా కూర్చున్నాయి.

వనజాక్షి అలవాటు మానదు కదా. తినబోయే ముందు చెంబు ఎత్తుకుని గటగటా తాగింది. అందరూ పువ్వు చెదిరిపోవడం చూడడానికి వంగినారు.

ముక్కలు కదిలినాయి. ఒక కళింగర ముక్క కొస తూర్పు పాదు వైపు తిరిగింది. పక్కది ఈశాన్యానికి. ఆ పక్కది ఉత్తరానికి. మామిడి బద్ద ఒకటి పడమరకు, చీనీ తొన దక్షిణానికి. దేనికి ఎదురుగా ఉన్న పాదుకు అది తిరుగుతా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, లోపలికి ముడుచుకున్న పువ్వు మెల్లగా బయటికి విచ్చుకుంది. నడుమ చెంబు లేదు. అయినా పువ్వు ఉంది, ముందరికంటే పెద్దగా.

ఎవరూ తట్టలో చెయ్యి పెట్టలేదు. వనజాక్షి మూతి తుడుచుకుని, ఖాళీ చెంబును పక్కన పెట్టి, "ఈసారి చెడలేదు వదినా" అంది, మెల్లగా.

"తినండి, తినండి" అంది రామలక్ష్మమ్మ అందరికీ వినబడేటట్ల. "చెట్టు చూసిందిలే."