కిటికీలోంచి కనబడే దీవి

విమానం ఎక్కే ముందురోజు కూడా అనూరాధ పొయ్యి దగ్గరే ఉంది. కందిపప్పు వేయించి పొడి కొట్టింది. చింతపండు గింజలు తీసి డబ్బాలో కుక్కింది. నెయ్యి సీసా మూత ఊడకుండా గుడ్డ బిగించి కట్టింది. అండమాన్ వెళ్లేది విశ్రాంతి కోసమట. నాలుగు రోజులు సముద్రం చూస్తూ హాయిగా ఉండొచ్చని మరిది గిరిబాబు అందరికీ టిక్కెట్లు తీశాడు. ఎవరి విశ్రాంతి అన్న అనుమానం ఇంట్లో ఎవరికీ లేదు. హేమ విశ్రాంతి.

హేమ గిరిబాబు భార్య, అనూరాధకి తోడికోడలు. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. ఆమెకి సెలవు దొరికింది కార్తీకంలో కాబట్టి అందరి ప్రయాణమూ కార్తీకంలోనే. అత్తగారు దాలమ్మ ఆ నెలంతా బయటి మెతుకు ముట్టదు కాబట్టి వంటిల్లున్న బస చూశారు. ఆ వంటింట్లో ఎవరుంటారో వేరే చెప్పుకోవలసిన పని లేకపోయింది. "హేమ పాపం ఆపీసులో నలిగిపోతాది. నాల్రోజులు నడుం వాల్చనీ. నీకేటి, ఇంట్లోనే ఉంటావు కదా," అన్నాడు మోహనకృష్ణ మంచం మీద పడుకుని, ఆమె అతని బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ ఉండగా.

మోహనకృష్ణ ఆమెకి మొగుడు కాకముందు మేనత్త కొడుకు. ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. పెళ్లయి పాతపట్నంలో ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ దాలమ్మ వచ్చేపోయే వాళ్లందరితో చెప్పుకునే మాట ఒకటుంది: "మా అనూరాధ సేతి వంటయితేనే నాకు ముద్ద దిగుతాది. ఇంకెవులు పెట్టినా గొంతుకి అడ్డం పడతాది." ఆ మాట విన్నప్పుడల్లా అనూరాధ మొహం విప్పారేది. ఆ మాట కోసమే తమ్ముడి పెళ్లికి ముహూర్తం వేళకి వెళ్లి, పంక్తి కూర్చోకముందే బస్సెక్కి వచ్చేసింది. ఆ మాట కోసమే డిగ్రీ చివరి పరీక్షలు వదిలేసింది. ఒళ్లు కాలిపోయే జ్వరంలో తలస్నానం చేసి చారు కాచింది. ఇంట్లో తనకంటూ ఒక పీట ఉందని, దాని మీద ఇంకెవరూ కూర్చోలేరని గట్టిగా నమ్మింది.

పోర్ట్ బ్లెయిర్‌లో బస ఒక మిట్ట మీద ఉంది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా నీళ్లు, నీళ్లకవతల పచ్చగా రాస్ దీవి. తెల్లదొరలు అక్కణ్ణుంచే ఈ దీవులన్నిటినీ ఏలేవారట. చర్చీ, నాట్యశాలా, దొరల బంగళాలూ ఇప్పుడు మొండిగోడలై చెట్ల వేళ్ల మధ్య చిక్కుకుని ఉన్నాయట. ఇదంతా గిరిబాబు ఫోనులో చూసి చదివితే గుమ్మడికాయ ముక్కలు కోస్తూ విన్నది. అప్పట్నుంచీ ఆమె మనసంతా ఆ దీవి మీదే ఉంది. ఒక్కసారి అక్కడ కాలు పెట్టాలి, అంతే. జెట్టీ నుంచి బోట్లు పోతుంటాయి, వస్తుంటాయి. ఆమె పోపు మాడకుండా చూసుకుంటూ వాటిని చూస్తుంటుంది.

మొదటి రోజు వాళ్లు బీచికి వెళ్లారు, రెండో రోజు జైలు చూసొచ్చారు. దాలమ్మకి మోకాళ్ల నొప్పులు, తోడుండాలి, వేళకి వండాలి. అనూరాధ ఉండిపోయింది. తిరిగొచ్చిన హేమ కాళ్లకి అంటిన ఇసుక గుమ్మంలో దులిపింది, ఊడ్చింది మాత్రం అనూరాధ. హేమ గోళ్లకి రంగు. హేమ మధ్యాహ్నం నిద్ర. హేమ లేచేసరికి "టీ తాగుతావేటి" అని గిరిబాబు అడగడం, ఆ టీ అనూరాధ పెట్టడం. చూస్తుంటే ఆమెకి కడుపు మండిపోయేది. తనకే సిగ్గుగా ఉండేది, అయినా మండేది. ముక్కలైన అట్లన్నీ ఏరి హేమ పళ్లెంలో వేసింది. హేమ కొత్తగా కొనుక్కున్న టోపీ గాలికెగిరి వెనక పెరట్లో పడడం అనూరాధ కళ్లారా చూసింది. హేమ ఇల్లంతా వెతికింది. అనూరాధ కూడా వెతికిపెట్టింది, పెరడు ఒక్కటీ తప్ప.

మూడో రోజు కార్తీక సోమవారం. దాలమ్మ పగలంతా ఉపవాసం, చుక్క చూశాక భోజనం. మధ్యాహ్నం వంట లేదు కాబట్టి తననీ దీవికి తీసుకెళ్తారని అనూరాధ ఆశపడింది. ముందురోజు భోజనాల దగ్గర నోరు విడిచి అడిగింది కూడా. అమ్మనొక్కదాన్నీ ఎలా వదిలేస్తామని మోహనకృష్ణ నసిగాడు. సాయంత్రం వంట ఎవరు చూస్తారన్నాడు.

అప్పుడు హేమ అంది, "అక్కా, రేపు నేనుంటాను. నువ్వెల్లిరా. అత్తయ్యకి నేను వండుతాను."

అందరూ హేమని ఆకాశానికెత్తేశారు. ఎంత మంచి మనసో అన్నాడు మోహనకృష్ణ. ఉద్యోగం చేసే పిల్ల, సెలవులో కూడా పొయ్యి దగ్గరికి వెళ్తానంటోందని మురిసిపోయాడు. అనూరాధకి ముద్ద మింగుడు పడలేదు. ఇన్నేళ్లుగా రెండు పూటలా తను చేస్తున్న పని హేమ ఒక్క పూట చేస్తానంటే దేవతైపోయింది. చివరికి దీవి కూడా తనకి హేమ చేతుల మీదుగానే రావాలి కాబోలు. అయినా ఆమె ధైర్యంగానే ఉంది. అత్త ఒప్పుకోదు. తన చేతి ముద్ద తప్ప దిగదుగా.

దాలమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "దానికేటమ్మా, హేమ వండితే తిననా ఏటి? ఎవులు వండినా కడుపులోకే కదా," అంది.

అంత తేలిగ్గా అనేసింది. మోహనకృష్ణకి అందులో వింతేమీ కనపడలేదు, పెరుగన్నం కలుపుకున్నాడు. భోజనాలయ్యాక అంట్లు తోముతూ అనూరాధ ఆ మాటే తలచుకుంది. అత్త గొంతుకి ఏ జబ్బూ లేదన్నమాట. తమ్ముడి పెళ్లినాడు ఎవరు వండినా దిగేది. పరీక్షలనాడు దిగేది. జ్వరంలోనూ దిగేది. ఆ రాత్రి హేమ మీద ఆమెకి వచ్చినంత అసూయ పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా రాలేదు. తన పీట మీద ఎవరో వచ్చి కూర్చున్నందుకు కాదు. ఎవరైనా కూర్చోగల పీటని తను ఇంతకాలం కాపలా కాసినందుకు.

సోమవారం దీవి మీద అడుగుపెట్టగానే మెత్తని నేల, తడి ఆకుల వాసన. జింకలు మనుషుల్ని పట్టించుకోకుండా తిరుగుతున్నాయి. కప్పు లేని నాట్యశాలలోంచి ఆకాశం కనబడుతోంది. పక్కన దొరల రొట్టెల బట్టీ ఉంది, ఇటుకలు ఇంకా నల్లగానే ఉన్నాయి. దొరసానులు ఎలా నాట్యమాడేవారో చెప్పిన గైడు ఆ బట్టీ దగ్గర ఆగలేదు. అనూరాధ ఆగింది. తర్వాత ఒక్కతే అవతలి ఒడ్డుకి నడిచి రాతి మీద కూర్చుంది. ఎవరూ ఆమెని ఏదీ అడగలేదు. నీళ్లు వచ్చి పోతున్నాయి. ఆమెకి హాయిగా ఉంది, ఆ హాయికి ఏడుపు కూడా వచ్చింది.

కాసేపటికే అన్నదమ్ములిద్దరూ వెతుక్కుంటూ వచ్చారు. హేమ ఫోన్ చేసిందట, పొయ్యి సరిగా అంటుకోవడం లేదట, తలనొప్పిగా ఉందట. గిరిబాబు మొహం పీక్కుపోయింది. "నడు నడు. ఇక్కడ ఐదింటికే సీకటైపోతాది, సుక్క పొడిసే ఏలకి అమ్మకి ముద్ద పడాల. హేమ ఒక్కతీ అవస్త పడతన్నాది," అన్నాడు మోహనకృష్ణ.

హేమ మొగుడు హేమ కోసం కంగారు పడుతున్నాడు. తన మొగుడూ హేమ కోసమే కంగారు పడుతున్నాడు. హేమ ఒక పూట నిలబడితే అది అవస్థ, తను నిలబడితే అది ఇల్లు. అనూరాధ మోహనకృష్ణ మొహంలోకి చూసింది. ఆ కంగారు అతనికి చేతకానిదేం కాదు, ఎంత బాగా వచ్చో కళ్ల ముందే కనబడుతోంది. తను ఇన్ని రోజులూ ఏడవాల్సింది హేమని చూసి కాదు.

ఆమె గిరిబాబు చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "హేమా, పొయ్యి కట్టెయ్. మాత్ర ఏసుకుని పడుకో."

"మరి అత్తయ్యకి, అక్కా?"

"కొడుకులొస్తన్నారు."

ఫోన్ తిరిగిచ్చి జెట్టీ దాకా వాళ్లతోనే నడిచింది. బోటు నడిపే మనిషి సోంపేట వైపు వాడు, తాతల నాడే వచ్చి స్థిరపడ్డారట. దీని తర్వాత ఇంకో బోటుందా అని అడిగింది. ఉందమ్మా, అదే ఆఖరిదన్నాడు. మోహనకృష్ణ బోటులోకి దిగి ఆమె కోసం చెయ్యి చాపాడు. అనూరాధ గట్టు మీదే నిలబడింది.

"నేను ఆకరి బోటుకి వస్తాను బావా. అత్తకి హేమ వండినా దిగుతాదట. నువ్వు వండినా దిగుతాది. పాతపట్నం ఎల్లాక కూడా దిగుతాది."