లారీలో ఆరిన సాక్సులు

చీమకుర్తిలో తెల్లబట్ట తెల్లగా ఉండటం కష్టం. గ్రానైటు దుమ్ము తలుపులేసినా ఇంట్లోకి వస్తుంది. యలమందయ్య నడిపేది కూడా గ్రానైటు లారీయే. అతని కూతురు అఖిలకు ఆ ఏడు రిపబ్లిక్ డేకి ఒంగోలు పరేడ్‌లో బడి జెండా పట్టుకుని ముందు నడిచే అవకాశం వచ్చింది.

"సాక్సులు తెల్లగా లేకపోతే వెనక వరసలోకి పంపిస్తానంది డ్రిల్లు మేడం," అని ముందురోజు పొద్దున చెప్పింది అఖిల. బజారంతా తిరిగినా ఆమె కొలతకు కొత్త జత దొరకలేదు. తల్లేమో తన చెల్లెలి కాన్పుకని కనిగిరిలో ఉంది.

"నేను లేనా? ఉతుకుతా," అన్నాడు యలమందయ్య.

సబ్బు అరిగిపోయింది గానీ బూడిదరంగు వదల్లేదు. నీలిమందు చుక్కలుగా వెయ్యాలని అతనికి తెలీదు. సీసా వంచేశాడు. సాక్సులు ఆకాశం రంగుకి తిరిగాయి. అఖిల వెళ్లి గడప మీద మొహం తిప్పుకుని కూర్చుంది. అరిచినా బాగుండుననిపించింది అతనికి.

గోడవతల నుంచి పక్కింటి లాల్‌బీ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకక్కా, దారి చెప్పు."

"వేణ్నీళ్లలో బట్టల సోడా వేసి నానబెట్టు తమ్ముడూ. తర్వాత శుభ్రంగా జాడించి, నిమ్మచెక్కలేసి మరిగించు. నీలమూ పోద్ది, మురికీ పోద్ది," అంటూ తన చెట్టు నిమ్మకాయలే కోసిచ్చింది.

మధ్యాహ్నానికి గిన్నెలోంచి సాక్సులు మల్లెపూలలా పైకి తేలాయి. అఖిల లేచి వచ్చి తొంగిచూసింది. కానీ ఆరెయ్యడమెక్కడ? దండెం మీద వేస్తే గంటలో మళ్లీ బూడిదే. యలమందయ్య లారీని ఎండకెదురుగా పెట్టాడు. కేబిన్ లోపలంతా తడిగుడ్డతో తుడిచి, అద్దాలెక్కించి, ముందద్దం దగ్గర తాడు కట్టి సాక్సులు వేలాడదీశాడు. తలుపు తీయకుండా కిందే కాపలా కూర్చున్నాడు.

బుడే అని తోటి డ్రైవరు అటుగా పోతూ ఆగాడు. "ఏందన్నా, దిష్టికి కొత్తగా సాక్సులు కడతన్నారా?"

"పో పో. దుమ్ము లేపకుండా పో."

మర్నాడు ఒంగోలు మైదానంలో జనం వెనక యలమందయ్య మునివేళ్ల మీద నిలబడ్డాడు. అఖిల ముందు వరసలో జెండాతో వచ్చింది. పక్కనున్న పెద్దమనిషి "పిల్ల భలే నడుస్తుందండి," అన్నాడు. యలమందయ్య "అవునండి" అన్నాడు గానీ అతని చూపు ఆమె పాదాలు దాటి పైకి పోలేదు.

పరేడ్ అయ్యాక అఖిల పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, మా భవ్య వాళ్లమ్మ అడిగింది, ఎక్కడ ఉతికించారని. నీ పేరు చెప్పేశా."

యలమందయ్య నవ్వాపుకుని మీసం సవరించుకున్నాడు. "ఆదివారం తెమ్మను. లారీ ఖాళీగానే ఉంటది."