కొట్టేసిన తొమ్మిది పేర్లు

2000 అక్టోబరులో, బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్ కమ్యూనిటీ సెంటర్ వ్యానును చూసిన మెకానిక్, అడుగంతా తుప్పు పట్టిందనీ ఈసారి రిజిస్ట్రేషన్ కాదనీ చెప్పేశాడు. పన్నెండు సీట్ల పాత వ్యాను అది. ఎప్పుడో చర్చివాళ్ళు ఉచితంగా ఇచ్చారు. మంగళ, శుక్రవారాల్లో వియత్నాం నుంచి వచ్చిన ముసలివాళ్ళను భోజనానికి తీసుకొచ్చేదీ, కారు లేని, కొత్తగా వలస వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చేదీ అదే. అది ఆగిపోతే సెంటర్ తలుపులు తెరిచి ప్రయోజనం లేదని కోఆర్డినేటరు శ్యామసుందరికి తెలుసు.

ఆమెది రాజమండ్రి. భర్త గోపాలరావు ఉద్యోగం మూలంగా పదిహేనేళ్ళ క్రితం బ్రిస్బేన్ వచ్చింది. కూతురు యూనివర్సిటీలో చేరాక ఇంట్లో తోచక ఈ పనిలోకి వచ్చింది. పేరుకి వారానికి ఇరవై గంటల ఉద్యోగమే కానీ, గంటలు ఎవరూ లెక్కపెట్టేవారు కాదు, ఆమె అసలే లెక్కపెట్టేది కాదు.

వ్యానులో వచ్చేవాళ్ళలో షెహజాది ఒకతె. నంద్యాలలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త నజీముద్దీన్ కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రామర్. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం హడలిపోతున్న రోజుల్లో అతనికి స్కిల్డ్ వీసా వచ్చింది. 1999 మార్చిలో భార్యనీ, కూతురు అమ్రీన్‌నీ వెంటబెట్టుకుని దిగాడు. జనవరి ఒకటో తేదీ ఏ కంప్యూటరూ ఆగకుండా గడిచిపోయింది. ఫిబ్రవరిలో అతని కాంట్రాక్టు ఆగిపోయింది. తర్వాత ఏ కంపెనీకి వెళ్ళినా ఇంటర్నెట్ పని వచ్చా అని అడిగేవారు. చివరికి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో పెట్టెలు మోసే పనిలో కుదిరాడు. తెల్లవారక ముందే పోయి మధ్యాహ్నం వచ్చేవాడు. కారు అమ్మేశారు.

ఆ అక్టోబరుకి షెహజాదికి నాలుగో నెల. అయినా శుక్రవారం భోజనానికి ముందుగా వచ్చి ఉల్లిపాయలు తరిగేది. బా హోవా అనే వియత్నాం ముసలావిడ ఆమె పక్కనే కూర్చునేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా గంటసేపు మాట్లాడుకునేవారు. షెహజాది తెలుగులో, ఆవిడ వియత్నామీలో.

"ఆమె ఏమంటుందో నీకర్థమవుతుందా?" అని శ్యామసుందరి అడిగితే, "కోడలి మీద చాడీలు చెప్తాది ఆంటీ. దానికి భాష ఎందుకు?" అని నవ్వింది.

కొత్త వ్యాను కోసం శ్యామసుందరి దక్షిణ శివార్ల సముదాయ నిధికి అర్జీ పెట్టింది. తక్కువ ఆదాయం వాళ్ళకు సేవ చేసే సంస్థల కోసమే ఆ నిధి. షరతు ఒక్కటే. సంస్థ జాబితాలో ఉన్నవాళ్ళలో సగానికి మించి తక్కువ ఆదాయం వాళ్ళయి ఉండాలి. దానికి రుజువు ప్రభుత్వం ఇచ్చే కార్డు. పింఛను కార్డు గానీ, హెల్త్ కేర్ కార్డు గానీ. ఇంకే రుజువూ చెల్లదు.

సెంటర్ జాబితాలో నలభై ఆరుగురు ఉన్నారు. కార్డులున్నది పందొమ్మిది మందికి. వాళ్ళలో ఎక్కువమంది వియత్నాం ముసలివాళ్ళు, ఇద్దరు ముగ్గురు స్థానికులు. మిగతా ఇరవై ఏడుగురూ కొత్తగా వలస వచ్చినవాళ్ళు. వలస వచ్చినవాళ్ళకు రెండేళ్ళ దాకా ప్రభుత్వ భృతి లేదు. భృతి లేనివాళ్ళకు కార్డూ లేదు.

నిధి ఆఫీసులో లోరైన్ అనే ఆమె ఈ అర్జీలు చూసేది. శ్యామసుందరి ఆమె ముందు కాగితాల కట్ట పెట్టింది. ఉద్యోగాల నుంచి తీసేసిన ఉత్తరాలు, అద్దె బాకీ నోటీసులు.

"ఈ ఇరవై ఏడు మందిలో సగం మందికి అసలు ఆదాయమే లేదు. తక్కువ ఆదాయం కాదు, ఏమీ లేదు" అంది ఇంగ్లీషులో.

లోరైన్ కాగితాలు తిరగేసింది. ప్రతిదీ చదివింది కూడా. చదివి, జాగ్రత్తగా సర్ది వెనక్కి తోసింది.

"నాకు అర్థమవుతోంది. కానీ కార్డు లేకపోతే రూల్ ప్రకారం వీళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళు కారు. రూల్ నేను రాయలేదు." గొంతు తగ్గించింది. "మీ జాబితా మరీ పెద్దదేమో, ఒకసారి చూసుకోండి. ముప్ఫై ఏడుగురే ఉంటే పందొమ్మిది సగం దాటుతుంది."

అంటే తొమ్మిది మందిని తీసెయ్యాలి.

సెంటర్ కమిటీ అధ్యక్షుడు ద్వారకానాథ్. కరీంనగర్ మనిషి, సిటీలో ఓ ఫైనాన్స్ కంపెనీలో పనిచేస్తాడు. ఆయన అంతా విని, "తీసెయ్యుండ్రి మేడం" అన్నాడు.

"తీసేస్తే వాళ్ళు వ్యానెక్కడానికి లేదండీ. జాబితాలో లేనివాళ్ళకి ఇన్సూరెన్స్ ఉండదట, ఆడిట్లో పట్టుకుంటారట."

"తియ్యకుంటే వ్యానే ఉండది. అప్పుడు నలభై ఆరుగురూ నడుసుడే కదా? ముందుగాల గ్రాంట్ రానియ్యండి, తర్వాత చూసుకుందం."

ఆయన మాటలో తప్పు దొరకలేదు ఆమెకు. ఆ మధ్యాహ్నం సెంటర్ వంటగదిలో కూర్చుని జాబితా ముందు పెట్టుకుంది. ఎవరిని తియ్యాలి? తల్లినీ ముగ్గురు పిల్లలనీ ఒక్కడే సాకుతున్న అతన్నా? మొగుడు వదిలేసిన పిల్లనా? ఆలోచించగా ఆలోచించగా ఒక పద్ధతి తట్టింది. రెండేళ్ళ గడువు ఎవరికి ముందు తీరుతుందో వాళ్ళను తీస్తే, కొద్ది నెలల్లో కార్డు తెచ్చుకుని మళ్ళీ చేరతారు. అది న్యాయంగానే తోచింది. అలా తొమ్మిది పేర్లు కొట్టేసింది. షెహజాది గడువు మార్చితో తీరుతుంది. ఆమె పేరు నాలుగోది.

నవంబరు మొదటి శుక్రవారం వంటగదిలో షెహజాదికి చెప్పింది.

"వచ్చే వారం నుంచి వ్యాను నీ దగ్గరికి రాదమ్మా. గ్రాంట్ ఆఫీసువాళ్ళు జాబితా తగ్గించేశారు. మార్చిలో నీకు కార్డొస్తే మళ్ళీ చేర్చుకుంటారు."

షెహజాది చేతిలో కత్తి ఆగింది. "ఆఫీసోళ్ళే తీసేసినారా ఆంటీ?"

"ఆఁ. ఆఫీసువాళ్ళే."

"అట్లనా. ఏం చేస్తాం. వాళ్ళకు మనమేం తెలుస్తాం" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. కాసేపటికి, "డాక్టరమ్మ రెండు వారాలకొకసారి రావల్లంటుంది ఆంటీ. బీపీ ఉందంట" అంది.

"నా కార్లో తీసుకెళ్తాను. నువ్వు బెంగపెట్టుకోకు."

రెండుసార్లు తీసుకెళ్ళింది కూడా. డిసెంబరులో గ్రాంట్ మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది. తెల్లటి కొత్త వ్యాను వచ్చింది. దాంతోపాటు నెలనెలా నింపాల్సిన ఫారాలు వచ్చాయి. ఎవరెక్కారు, ఏ కార్డు, ఎక్కడ దిగారు. శ్యామసుందరి ఇరవై గంటలు ముప్ఫై అయ్యాయి. క్రిస్మస్ ముందు ఒకసారి షెహజాదిని తీసుకెళ్ళడం కుదరలేదు. అమ్రీన్‌కి సెలవులు కావడంతో పిల్లను చెయ్యి పట్టుకుని షెహజాది రెండు బస్సులు మారి వెళ్ళింది. ఎండలో బస్టాపులో కళ్ళు తిరిగి కూర్చుండిపోయిందని తర్వాత ఎవరో చెప్పారు.

జనవరి పద్దెనిమిదిన మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి. తప్పకుండా వస్తానని శ్యామసుందరి మాటిచ్చింది. సరిగ్గా అదే రోజు పొద్దున పదింటికి వ్యాను ప్రారంభోత్సవం పెట్టారు. నిధివాళ్ళు వస్తారు, ఫొటోలు తీస్తారు, కోఆర్డినేటరు లేకపోతే ఎట్లా అన్నాడు ద్వారకానాథ్. ముందురోజు షెహజాది ఇంటికి ఫోను చేస్తే లైన్ తీసేసినట్టు రికార్డు మోగింది. పొద్దున్నే ఇంటికి వెళ్ళి చెబుదామనుకుంది. పొద్దున్నే బెలూన్లు కట్టేవాడు రాలేదు. బా హోవాను ముందు సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీశారు. షెహజాది ఆ పూటంతా తయారై ఇంటి మెట్ల మీద కూర్చుందని శ్యామసుందరికి అప్పటికి తెలియదు.

మర్నాడు వెళ్ళి క్షమాపణ చెప్పుకుంది.

"పర్వాలేదాంటీ. మీకు వంద పనులుంటాయి. వచ్చేసారి పోదాం లెండి" అంది షెహజాది. ఆమె పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి. శ్యామసుందరి చూసింది. ఎండలకు అందరికీ అట్లాగే ఉంటుందనుకుంది.

తర్వాతి గురువారం మధ్యాహ్నం నజీముద్దీన్ సెంటర్‌కి వచ్చాడు. మార్కెట్ బట్టల మీదే ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆంటీ, షెహజాది ఆసుపత్రిలో ఉంది. తలనొప్పని పడుకునింది, పడుకున్నట్టే ఫిట్స్ వచ్చినాయి. అమ్రీన్ పక్కింటోళ్ళని పిల్చింది. ఆమె బతికింది. బాబు..." అని ఆగిపోయాడు. "బాబుని పూడ్చడానికి ఎవర్ని అడగల్ల ఈడ? నాకు తెలీదు. మీకు అందరూ తెలుసని వచ్చినా."

శ్యామసుందరి గోపాలరావుకు ఫోను చేసింది. ఆయన ఆఫీసులో ఉన్నవాడు ఉన్నట్టే బయల్దేరాడు. మసీదువాళ్ళు అన్నీ చూసుకున్నారు. మర్నాడు సాయంత్రం శ్మశానంలో ముస్లింల వైపున, మనిషి చెయ్యంత పొడవు కూడా లేని గుంట తీశారు. ఆడవాళ్ళు దూరంగా నిలబడ్డారు. నజీముద్దీన్ ఆ తెల్లగుడ్డ మూటను తనే గుంటలో దింపాడు. రోజూ వందల పెట్టెలు దించే ఆ చేతులతో దాన్ని ఎలా దింపాడో గోపాలరావు ఇంటికొచ్చి చెప్పాడు. శ్యామసుందరి వినలేక స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రెండు వారాల తర్వాత ధైర్యం చేసుకుని షెహజాదిని చూడ్డానికి వెళ్ళింది. అమ్రీన్ స్కూల్లో ఉంది. షెహజాది టీ పెట్టబోతే వద్దంది.

"షెహజాదీ, నీకొక మాట చెప్పాలమ్మా. నీ పేరు తీసేసింది ఆఫీసువాళ్ళు కాదు. తొమ్మిది మందిని తగ్గించమన్నారు. ఎవరిని తియ్యాలో వాళ్ళు చెప్పలేదు. నేనే తీశాను."

షెహజాది ఆమె మొహంలోకి చూసింది. "మీరా?"

"మార్చిలో నీకు కార్డొస్తుంది కదా, నాలుగు నెలలే కదా అనుకున్నాను."

"నాకు బీపీ ఉందని మీకు చెప్పినాను కదాంటీ."

"చెప్పావు."

"ఆఫీసోళ్ళయితే నాకేం బాధ లేదు. వాళ్ళు నన్ను చూల్లేదు." షెహజాది గొంతు పెంచలేదు. "నేను మీ పక్కనే నిలబడి ఉల్లిపాయలు కోసినాను. ఆ పొద్దు మీరొస్తారని పదకొండు దాకా మెట్ల మీద కూర్చున్నాను. ఆఫీసోళ్ళు కాదంటే మా ఆంటీ ఉంది కదా అనుకున్నాను."

శ్యామసుందరి చెయ్యి పట్టుకోబోయింది. షెహజాది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోయిరాండి ఆంటీ. పిల్ల వచ్చే టైమయింది" అంది. అప్పటికి పన్నెండు కూడా కాలేదు.

ఆ నెల కమిటీ మీటింగులో శ్యామసుందరి జరిగినదంతా చెప్పింది. కొట్టేసిన తొమ్మిది పేర్లూ తిరిగి జాబితాలో రాసి, ఎందుకు రాశామో నిధికి ఉత్తరం పెడదామంది. ద్వారకానాథ్ తల వంచుకుని విన్నాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా, "నాకు బాధ లేదనుకోకుండ్రి మేడం. కానీ వ్యాను వాపసు తీస్కపోతే ఆ ముసలోళ్ళ సంగతేంది?" అన్నాడు. చేతులెత్తించారు. ఆరుగురిలో ఆమె వైపు లేచింది ఆమె చెయ్యి ఒక్కటే.

ఉత్తరం ఆమె సొంతంగా రాసింది. తొమ్మిది పేర్లూ, వాటిని కొట్టేసిన తేదీ, షెహజాది ఆసుపత్రికి వెళ్ళలేకపోయిన రోజూ రాసి కింద సంతకం పెట్టింది. ఆ రోజే ఉద్యోగం మానేసింది.

మేలో నజీముద్దీన్‌కి సిడ్నీలో ఏదో గోడౌన్లో పని దొరికింది. వాళ్ళు వెళ్ళిపోయిన సంగతి శ్యామసుందరికి చైనావాళ్ళ కొట్లో కనబడ్డ పొరుగింటామె చెప్పింది. అడ్రసు ఆమెకూ తెలియదు.

జూన్‌లో ద్వారకానాథ్ ఆమె మొబైలుకి ఫోను చేశాడు. కొత్త ఆర్థిక సంవత్సరం ఫారం వచ్చిందట.

"మీ ఉత్తరం చూసినట్టున్నరు మేడం. ఒక లైను కొత్తగా వేసిండ్రు."

"ఏమని?"

ఆయన ఇంగ్లీషులో చదివాడు. కార్డుకు ఇంకా అర్హత రానివారు మీ ప్రాంతంలో ఉంటే, వారి సంఖ్య తెలిసినచో రాయవచ్చును. ఈ సంఖ్య అర్హత లెక్కలోకి రాదు.

"ఏం రాయమంటరు?" అని అడిగాడు.

శ్యామసుందరి వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఆసుపత్రి కారు పార్కులో, తన కార్లోనే ఉంది. వెనక సీట్లో సోమాలియా నుంచి వచ్చిన ఓ గర్భిణి, దిగాలో వద్దో తెలియక ఆమెవైపే చూస్తోంది.

"తర్వాత మాట్లాడతానండీ. ఈమెకి తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్" అని ఫోను పెట్టేసి, దిగి వెనక తలుపు తెరిచింది.