గాడిలో నాలుగు, రేకు మీద మూడున్నర

చేయవలసిన పనులు ఇవి. ఆసుపత్రి నుంచి నాన్న చెప్పులు తెచ్చుకోవాలి. ఫ్యాక్టరీలో ఆయన గుర్తింపు కార్డు అప్పగించాలి. లాకరు ఖాళీ చేయాలి. అమ్మ చేత నాలుగు మెతుకులు తినిపించాలి. సోమవారం విచారణలో వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి.

మొదటి నాలుగూ ఎలాగో అయిపోతాయి. ఐదోదే గొంతులో పచ్చి వెలక్కాయ.

ఆ కాగితం ఫ్యాక్టరీవాళ్లే టైపు చేయించి పంపారు. అందులో ఉన్నది నాన్న మాటే. చెయ్యి నుజ్జయి, ఒళ్లంతా విషమెక్కి, తొమ్మిదో రోజున పోయే ముందు కూతురితో అన్నాడు: "వాడు ముందే వదిలేశాడమ్మా." వాడంటే కేకల మావయ్య. ఆమె సంతకం పెడితే ఆయన ఉద్యోగం ఊడుతుంది.

కేకల మావయ్య చుట్టం కాదు, పాతికేళ్లుగా పనిలో నాన్నకు జోడీ. రాళ్లను పొడి చేసే మరలో కొబ్బరికాయంత ఉక్కు గుండ్లు వేస్తారు. గోదాము ఎత్తున, మర పల్లంలో, మధ్య ఏటవాలుగా, V ఆకారంలో మడిచిన ఇనుప గాడి. అడ్డంగా గోడ ఉండటంతో పైవాడికి కిందివాడు కనబడడు. మావయ్య "వదిలా!" అని కేకేసి గుండు వదిలేవాడు. కింద నాన్న ఒకటి, రెండు అని సెకన్లు లెక్కపెడుతూ, అంతకుముందు వచ్చిన గుండును ఎత్తి బుట్టలో వేసి, నాలుగు అనబోతూ చెయ్యి తీసేసేవాడు. నాలుగు అనగానే గుండు వచ్చి గాడి చివర అడ్డుపెట్టిన కొయ్యకు కొట్టుకునేది. ఎవరూ నేర్పిన పద్ధతి కాదు. పాతికేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఇంట్లో మొదటి డిగ్రీ కూతురిదే. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తుంది. ఆమె కూడా నాన్న మాటే నమ్మింది. పలకరించడానికొచ్చిన మావయ్య మొహాన తలుపేసింది.

శుక్రవారం లాకరు ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు మర దగ్గర ఆగింది. పాత గాడి తుప్పుపట్టి గోడవారన పడి ఉంది. దాని స్థానంలో చదునైన అడుగుతో కొత్త రేకు మెరుస్తోంది.

"ఇదెప్పుడు మార్చారన్నా?" అని స్టోరుకీపరును అడిగింది.

"ప్రమాదానికి ముందురోజేనమ్మా. వాలు అదే, పొడవు అదే. ఎవరికీ చెప్పేంత సంగతి కాదన్నారు."

"ఆ రోజు ఇక్కడే ఉన్నారా?"

"ఉన్నాను. మొదటి గుండుకే మీ నాన్న అరిచాడు, 'ఏరా, మీ ఆవిడ తరిమిందా? ముందే వదులుతున్నావ్!' అని. పైనుంచి ఆయన, 'నీ అంకెలకే ముసలితనం వచ్చిందిరా!' అన్నాడు. అందరం నవ్వాం." ఆయన తల దించుకున్నాడు. "రెండో గుండుకే..."

ఆమె వంగి పాత గాడి చెంపలు తడిమి చూసింది. గాడిలో గుండు అడుగు దేనికీ ఆనదు. రెండు చెంపల మీద ఆని దొర్లుతుంది. ఒక్కో చుట్టుకు సాగే దూరం తక్కువ కనుక ఎక్కువ చుట్లు తిరగాలి. వాలు ఇచ్చే ఊపులో పెద్ద వాటా ఆ తిరగడానికే పోతుంది. చదును రేకు మీద ఆ బెడద లేదు. గాడిలో నాలుగు సెకన్లు పట్టేది రేకు మీద మూడున్నరకే, నాన్న చెయ్యి తీయకముందే, వచ్చేస్తుంది. శనివారమంతా ల్యాబులో గుండ్లు దొర్లించి చూసింది. ప్రతిసారీ అదే తేడా.

"మీ నాన్న ఊపిరి పోతూ చెప్పిన మాట కంటే నీ గోళీలాట ఎక్కువా?" అంది అమ్మ.

సోమవారం ఆమె విచారణ జరిపే ఇంజనీరు బల్ల మీద రెండు చిన్న వాలులు పెట్టింది, ఒకటి గాడి, ఒకటి రేకు. రెండు గుండ్లు ఒకేసారి వదిలింది. రేకు మీదిది ముందొచ్చింది. ఇంజనీరు నమ్మక తనే వదిలి చూశాడు. ఏడుసార్లు.

"సరే. పైవాడి తప్పు లేదు," అన్నాడు చివరికి. "అప్పుడు కిందివాడి అజాగ్రత్త అవుతుంది. కొత్త రేకు వేశాక లెక్క సరిచూసుకోవాలి కదమ్మా."

"మార్చినవాళ్లు చెప్పాలి కదండీ?"

ఆయన ఫారం ఆమె వైపు తిప్పాడు. తప్పు ఎవరిదన్న చోట ఉన్నవి రెండే గళ్లు: పైవాడు, కిందివాడు. "కావాలంటే పాత కాగితం మీదే పెట్టండి సంతకం. మీ నాన్నగారి పేరు చెడదు."

అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయింది. తర్వాత పాత కాగితం పక్కకు నెట్టి, ఫారంలో 'కిందివాడు' అన్న గడి కింద సంతకం పెట్టింది.

సాయంత్రం కేకల మావయ్య గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"మీ తప్పు లేదు మావయ్యా. మీరు వేళకే వదిలారు."

"లెక్కలో అలా వచ్చిందా తల్లీ?"

"వచ్చింది."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "మరి వాడు నన్ను తిట్టుకుంటూ పోయాడుగా. వాడికెవరు చెప్తారు?"

ఉద్యోగం నిలిచింది గానీ, ఆ పని చేయలేకపోయాడు. నోరు తెరిస్తే కేక రావడం లేదన్నాడు. ఇప్పుడు గేటు దగ్గర గోనెసంచులు కుడుతున్నాడు. అమ్మ కూతురితో మాట్లాడటం మానేసింది.

చదివినవారికి ఒక్క మనవి. ఫ్యాక్టరీ రికార్డులో ఆ తండ్రి పేరు పక్కన అజాగ్రత్త అని ఉంది. అది చెరిపే దారి కూతురికి దొరకలేదు. కనుక మీరైనా ఆయన్ని గుర్తుపెట్టుకోండి, చివరి రోజు కూడా సరిగ్గానే లెక్కపెట్టిన మనిషిగా.